అతని పేరు ఎందుకు అడగలేదు?



పసిబిడ్డను ఎత్తుకొని జ్ఞానస్నానం కోసం దేవాలయ ద్వారం దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులను గురువు మొట్టమొదట ఏమి అడుగుతారో ఒకసారి గుర్తు చేసుకోండి. మీకు ఎన్ని ఎకరాలున్నాయని అడగరు. ఎంతవరకు చదివారని అడగరు. ఈ బిడ్డకు ఏ పేరు పెట్టుకున్నారని అడుగుతారు. నుదుట శిలువ గుర్తు వేయకముందే, తైలం పూయకముందే, నీరు పోయకముందే శ్రీసభ అడిగే ప్రశ్న ఇది. మనం ఎన్నోసార్లు విన్నాం. విని విని దాని బరువు మరచిపోయాం.

ఆ బరువు ఎంతో, బడిలో ఇచ్చిన కథల పుస్తకం చదివిన ఒక ఏడవ తరగతి అమ్మాయి తెలియకుండానే చూపించింది.

ఐదవ వాక్యం

జహీరాబాద్ దగ్గర రాయికోడ్ మండలంలోని ఒక పల్లె సంగతి ఇది. ఆ కుటుంబం పేర్లు ఇక్కడ రాయడం లేదు. పత్రికలో పేరు పడటం వేరు, ఇరుగుపొరుగు నోట పేరు పలకడం వేరు. నల్లరేగడి చేలలో కంది, పత్తి పనులు చేసుకొని బ్రతికే ఇల్లు. ఆ ఇంట్లో ఒక ఇంగ్లీషు కథను మొదటి పుట నుండి చివరి పుట వరకు చదివిన తొలి మనిషి ఆ అమ్మాయే. అది రాబిన్సన్ క్రూసో కథ, పిల్లల కోసం కుదించిన పుస్తకం.

కథ మీలో చాలామందికి తెలిసినదే. ఇంగ్లండు రచయిత డేనియల్ డీఫో దీనిని 1719లో ప్రచురించాడు. తండ్రి మాట పెడచెవిన పెట్టి సముద్రం మీదికి పోయిన ఒక యువకుని కథ. తుఫానులో ఓడ దెబ్బతిని, తోటివారందరూ మునిగిపోగా, అతడొక్కడే మనుషులు లేని ద్వీపం ఒడ్డున పడతాడు. పాడైన ఓడ దగ్గరికి పదేపదే వెళ్లి పనిముట్లు, తుపాకులు, తిండి, మూడు బైబిళ్లు కూడా తెచ్చుకుంటాడు. నివాసం కట్టుకుంటాడు. మేకలను మచ్చిక చేసుకుంటాడు. బార్లీ పండిస్తాడు. మట్టికుండలు కాలుస్తాడు. శిలువలాంటి గుంజ ఒకటి పాతి, రోజుకొక గాటు పెట్టి తేదీలు లెక్కించుకుంటాడు. జ్వరంతో పడి ఉన్నప్పుడు బైబిలు తెరచి, చాలా ఏళ్ల తరువాత మనసారా ప్రార్థన చేస్తాడు. అలా 28 ఏళ్లకు పైగా అక్కడే గడుపుతాడు.

పుస్తకం చదివాక ఇంటి దగ్గర రాసుకురమ్మని ఇచ్చిన పని ఇది: కథానాయకునిలో మీకు నచ్చిన గుణాలను ఐదు వాక్యాలలో రాయండి. అమ్మాయి నాలుగు వాక్యాలు చక్కగా రాసింది. అతడు ధైర్యవంతుడు. కష్టజీవి. ఓర్పుగలవాడు. దేవుణ్ణి ప్రార్థించాడు. ఐదవ వాక్యం మాత్రం ఇలా రాసింది: "తాను కాపాడిన మనిషిని నీ పేరేమిటని అతడు అడగలేదు, అది నాకు నచ్చలేదు."

తండ్రి చూసి కంగారుపడ్డాడు. నచ్చినవి రాయమంటే నచ్చనిది రాస్తావా, మార్కులు పోతాయి, కొట్టెయ్యి అన్నాడు. ఆ తండ్రిని మనం తప్పుపట్టనవసరం లేదు. తాను చదువుకోలేకపోయిన చదువు బిడ్డ చేతికి అందుతున్నప్పుడు, అది ఎక్కడ జారిపోతుందోనన్న భయం మన ఇళ్లలో అందరికీ ఉన్నదే. అమ్మాయి వాదించలేదు. అరుగు మీద కూర్చున్న తాత దగ్గరికి వెళ్లింది. తాత పడుచుతనంలో పటేలు ఇంట్లో జీతమున్న మనిషి.

"తాతా, నువ్వు జీతమున్నప్పుడు నిన్ను ఏమని పిలుస్తుండిరి?"

"ఏమని పిలుస్తరు బిడ్డా! 'అరేయ్' అంటుండిరి. లేకుంటే 'జీతగా' అంటుండిరి."

"మరి నీ పేరు?"

"పనికి పేరెందుకు బిడ్డా? పేరు పెట్టి పిలిచేది ఫాదరే, పూజకు పోయిననాడు."

ఆ మాట విన్న తరువాత తండ్రి ఆ వాక్యాన్ని కొట్టెయ్యమనలేదు. దానికి ఎన్ని మార్కులు వచ్చాయన్నది మనకు ముఖ్యం కాదు. ఆ వాక్యం నిజమా కాదా అన్నదే ముఖ్యం.

చిలుకకు నేర్పిన పేరు

కుదించిన పుస్తకాలలో కొన్ని ఘట్టాలు ఉంటాయి, కొన్ని ఉండవు. అసలు నవలను పట్టుకొని చూస్తే ఆ అమ్మాయి మాట ఇంకా గట్టిపడుతుంది.

క్రూసో ద్వీపంలో ఒక చిలుకను పట్టి పెంచుకుంటాడు. దానికి మాటలు నేర్పుతాడు. ఏ మాటలు? తన పేరే నేర్పుతాడు. ఒకనాడు అలసిపోయి నిద్రపోతుండగా, ఎవరో తనను పేరుతో పిలిచినట్టు వినిపించి ఉలిక్కిపడి లేస్తాడు. చూస్తే చిలుక! ఏళ్ల తరబడి ఒంటరిగా ఉన్న ఆ మనిషికి తిండి దొరికింది, గుడ్డ దొరికింది, నీడ దొరికింది. తన పేరు పిలిచే గొంతు మాత్రం దొరకలేదు. అందుకే ఒక పక్షికైనా ఆ పేరు నేర్పుకున్నాడు. పేరు వినబడకపోతే మనిషి ఎంత అలమటిస్తాడో క్రూసోకు తెలిసినంతగా మరెవరికి తెలుసు?

దాదాపు పాతికేళ్ల తరువాత ఒక మనిషి అతనికి ఎదురవుతాడు. శత్రువులు చంపి తినడానికి తెచ్చిన బందీ. పారిపోయి వస్తుంటే క్రూసో ప్రాణాలకు తెగించి కాపాడతాడు. గొప్ప పనే. కానీ ఆ తరువాత ఏమి చేశాడు? నీ పేరేమిటని అడగలేదు. తాను కాపాడినది శుక్రవారం నాడు గనుక అతనికి 'ఫ్రైడే' అని పేరు పెట్టాడు. తన పేరు 'యజమాని' అని, అలాగే పిలవమని నేర్పాడు. చిలుకకు తన సొంత పేరు నేర్పినవాడు, మనిషికి మాత్రం యజమాని అన్న మాట నేర్పాడు.

ఇంకొక సంగతి. కథ మొదట్లో క్రూసో తానే బానిసగా చిక్కి, జూరి అనే కుర్రవాని తోడుతో తప్పించుకుంటాడు. ఆ తరువాత ఆ కుర్రవాణ్ణి ఒక ఓడ కెప్టెనుకు 60 నాణేలకు ఇచ్చివేస్తాడు. ముప్పై వెండి నాణేల లెక్క తెలిసిన మనకు ఆ అంకె గుచ్చుకోక మానదు. అతని ఓడ దెబ్బతిన్న ఆ ప్రయాణం కూడా ఆఫ్రికా తీరం నుండి బానిసలను తేవడానికి బయలుదేరినదే.

న్యాయం తప్పకుండా రెండవ పక్కా చెప్పాలి. క్రూసో ఫ్రైడేకు అన్నం పెట్టాడు, బట్ట ఇచ్చాడు, వేదం చెప్పాడు. ఫ్రైడే తనకంటె మంచి క్రైస్తవుడయ్యాడని ఒప్పుకొన్నాడు కూడా. అతడు దుర్మార్గుడు కాడు. అందుకే అతని కథ మనకు పాఠం. చెడ్డవాడు పేరు అడగకపోతే వింత లేదు. ప్రార్థన చేసేవాడు, ప్రాణం కాపాడినవాడు, అన్నం పెట్టినవాడు కూడా పేరు అడగడం మరచిపోగలడు. మనం ఆ వరుసలో లేమా?

అరణ్యంలో హాగారు

అడవిపాలైన మనిషి ఎలా బ్రతికింది అన్న కథ పరిశుద్ధ గ్రంథంలోనూ ఉంది. ఆదికాండము 16వ అధ్యాయం తెరచి చూడండి. హాగారు ఐగుప్తుకు చెందిన బానిస. సారయి ఆమెను గురించి మాట్లాడినప్పుడు నా దాసి అంటుంది. అబ్రాము నీ దాసి అంటాడు. విశ్వాసులకు తండ్రి అని మనం గౌరవించే ఆ ఇంట్లో కూడా ఆమెను పేరుతో పిలిచిన మాట ఒక్కటీ ఆ అధ్యాయంలో కనబడదు. శ్రమలు భరించలేక గర్భవతిగా అరణ్యానికి పారిపోతుంది. అక్కడ నీటి ఊట దగ్గర దేవదూత ఎదురై మొదటి మాటగా ఆమె పేరు పలుకుతాడు. ఎక్కడి నుండి వచ్చావు, ఎక్కడికి పోతున్నావు అని అడుగుతాడు. అప్పుడు ఆ బానిస స్త్రీ దేవునికే ఒక పేరు పెడుతుంది: నన్ను చూచే దేవుడు. యజమానుల ఇంట్లో దొరకని చూపు ఆమెకు అడవిలో దొరికింది.

21వ అధ్యాయంలో ఆమె మళ్లీ అరణ్యంలో ఉంది, ఈసారి కుమారునితో. తిత్తిలో నీళ్లు అయిపోయాయి. బిడ్డ చావు చూడలేక, వాణ్ణి పొద కింద ఉంచి దూరంగా కూర్చొని ఏడ్చింది. అప్పుడు దేవుడు ఎవరి మొర విన్నాడని గ్రంథం చెబుతుంది? ఆ బాలుని మొర! తరువాత ఆమె కన్నులు తెరువబడి బావి కనబడింది. పిల్లవాని గొంతు దేవునికి వినబడింది. పెద్దలమైన మనకు వినబడుతున్నదా?

కొత్త నిబంధనలో చిన్న జాబు ఒకటి ఉంది. పునీత పౌలుగారు ఫిలేమోనుకు రాసినది. ఒక్క అధ్యాయమే. ఒనేసిము అనే బానిస యజమాని దగ్గర నుండి దూరమై, చెరసాలలో ఉన్న పౌలుగారి దగ్గర విశ్వాసి అయ్యాడు. పౌలుగారు అతణ్ణి తిరిగి పంపుతూ, అతని పేరు పెట్టి రాశారు, నా బిడ్డ అన్నారు. ఇక బానిసగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకొమ్మని వేడుకొన్నారు. అందుకే రెండువేల ఏళ్లుగా ఆ బానిస పేరు మన పీఠం దగ్గర చదవబడుతూనే ఉంది.

మనకు ఇంకా దగ్గరి కాలంలో పునీత జోసెఫిన్ బఖీతమ్మగారి జీవితం చూడండి. ఆఫ్రికాలోని సూడాను దేశంలో చిన్నపిల్లగా ఉన్నప్పుడే బానిసల వ్యాపారులు ఎత్తుకుపోయారు. ఆ భయానికి ఆమె తన సొంత పేరునే మరచిపోయింది. 'అదృష్టవంతురాలు' అని అర్థం వచ్చే బఖీత అన్న పేరు ఆమెను ఎత్తుకుపోయినవారు పెట్టినదే. కొన్నవారు, అమ్మినవారు, కొట్టినవారు ఎందరో. చివరకు ఇటలీ చేరి, 1890 జనవరి 9న వెనిస్ నగరంలో జోసెఫిన్ అన్న పేరుతో జ్ఞానస్నానం పొందింది. కనోసియన్ మఠకన్యగా జీవించి 1947లో ప్రభువులో నిద్రించింది. జగద్గురువులు రెండవ జాన్ పౌల్ పాపుగారు 2000 అక్టోబరు 1న ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఆమె తన జ్ఞానస్నానపు తొట్టిని తరచు ముద్దుపెట్టుకొనేదట. సొంత పేరు పోగొట్టుకున్నవారికే తెలుసు, పేరు అడిగే తల్లి ఒడి విలువ.

మన వీధిలో ఫ్రైడేలు

ప్రియులారా, పేరు లేకుండా పిలిపించుకొన్న తరం మనది. మన తాతముత్తాతలు వెట్టి చేశారు, జీతాలున్నారు. వెట్టిచాకిరీని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది. బంధిత శ్రామిక వ్యవస్థను రద్దుచేస్తూ 1976లో చట్టం వచ్చింది. చట్టం గొలుసులు తెంచగలదు. నోటి నుండి వచ్చే 'అరేయ్'ను మాత్రం మనస్సు మారితేనే ఆపగలం.

మరి పేరు లేక బాధపడినవారి బిడ్డలమైన మనం ఇప్పుడు ఏమి చేస్తున్నాం? దూర రాష్ట్రాల నుండి బ్రతుకుతెరువు కోసం వచ్చినవారిని చూడండి. ఇటుక బట్టీల దగ్గర ఒడిశా కుటుంబాలు ఉంటాయి. రహదారి మీద హోటళ్లలో, కట్టుబడి పనుల దగ్గర బీహారు కుర్రవాళ్లు కనబడతారు. వారిని మనం ఏమని పిలుస్తున్నాం? 'ఆ బీహారోడు', 'ఆ ఒరియావాళ్లు' అంటాం. క్రూసో వారం పేరు పెట్టాడు, మనం రాష్ట్రం పేరు పెడుతున్నాం. తేడా ఎంత? ఇంట్లో అంట్లు తోమే అమ్మ పదేళ్లుగా వస్తున్నా 'పనామె' గానే ఉండిపోతుంది. దేవాలయం ఊడ్చి, గంట కొట్టి, బల్లలు తుడిచే మనిషి పేరు మన విచారణలో ఎన్ని ఇళ్లకు తెలుసు?

పేరుతో ఏమొస్తుంది ఫాదర్, కూలి సరిగా ఇస్తే చాలదా అని ఎవరైనా అడగవచ్చు. కూలి ఇవ్వవలసిందే. కూలి ఎగ్గొట్టి పేరు పెట్టి ప్రేమగా పిలిచినా అది అబద్ధమే. బిగపట్టిన కూలి మొరపెడుతుందని పునీత యాకోబుగారి లేఖ 5వ అధ్యాయం మనల్ని హెచ్చరిస్తున్నది. కానీ ఒక్కటి గమనించండి. 'వాళ్లల్లో ఒకడు' అనుకున్నవాని కూలి ఆపడం సులువు. పేరు తెలిసినవాని కూలి, వాని బిడ్డ పేరు కూడా తెలిసినవాని కూలి ఆపాలంటే చెయ్యి వణుకుతుంది. పేరు తెలిసినచోట అన్యాయానికి చోటు ఇరుకవుతుంది.

క్రీస్తు ప్రభువు శుక్రవారం నాడు మన కోసం ప్రాణమిచ్చారు. ఆ ముందురాత్రి తన శిష్యులతో ఏమన్నారో యోహాను సువార్త 15వ అధ్యాయంలో చదవండి. మిమ్మును ఇకమీదట సేవకులని పిలువను, స్నేహితులని పిలుస్తానని చెప్పారు. మనల్ని కాపాడినవాడు ఆయనే. మనల్ని పిలుచుకొనే హక్కు ఆయనకే ఉంది. అయినా మన మీద 'యజమాని' అన్న బరువు మోపలేదు. మంచి కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని 10వ అధ్యాయంలో చెప్పిన మాట, ఖాళీ సమాధి దగ్గర మగ్దల మరియమ్మను పేరుతో పిలిచి నెరవేర్చారు.

పిల్లల మాట

తల్లిదండ్రులారా, చివరగా మీతో ఒక మాట. నవలలో ఫ్రైడే ఒకసారి క్రూసోను అడుగుతాడు: దేవుడు సైతానుకంటె బలవంతుడైతే, వాణ్ణి ఎందుకు చంపివేయడు? వేదం చెబుతున్న క్రూసోకు జవాబు తోచదు. విననట్టు నటించి, ఏమన్నావని మళ్లీ అడుగుతాడు. మన ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. పిల్లలు గట్టి ప్రశ్న అడిగినప్పుడు మనకు చెవుడు వస్తుంది. లేదా మార్కులు పోతాయన్న భయం వస్తుంది.

పన్నెండేళ్ల బాలయేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చొని వింటూ, ప్రశ్నలు అడుగుతూ ఉన్నారని లూకా సువార్త 2వ అధ్యాయం చెబుతుంది. ఆ బోధకులు ఆశ్చర్యపడ్డారే గాని నోరు మూయించలేదు. మీ బిడ్డ బడి పుస్తకం చదివి, ఇది నాకు నచ్చలేదు అని చెబితే, ఎందుకు నచ్చలేదని అడగండి. పుస్తకం తప్పు అని కాదు. బిడ్డ చెప్పినదంతా ఒప్పు అనీ కాదు. ఆ బిడ్డ చదివినదానిని తన ఇంటి చరిత్ర పక్కన, తన తాత బ్రతుకు పక్కన పెట్టి చూస్తున్నది. చదువు అంటే అదే. అంతఃకరణ మేలుకొనడం కూడా అదే.

ఈ వారం మన కుటుంబాలలో మూడు పనులు చేద్దాం.

ఒకటి: మన ఇంటికి, మన చేనుకు, మన దేవాలయానికి పనిచేసేవారిలో పేరు తెలియనివారు ఎవరో ఆలోచించి, వారిని మర్యాదగా పేరు అడుగుదాం. ఒకసారి అడిగి మరచిపోకుండా, రేపటి నుండి ఆ పేరుతో, 'అన్నా', 'అక్కా', 'చెల్లీ' అని వరుస కలిపి పిలుద్దాం.

రెండు: రాత్రి కుటుంబ జపమాలలో, పనివారి కోసం అని టోకున కాక, ఆ పేర్లు పలికి ప్రార్థిద్దాం.

మూడు: మన పిల్లలను వారి అవ్వ తాతల దగ్గర కూర్చోబెడదాం. మీ పడుచుతనంలో మిమ్మును ఏమని పిలిచేవారని వారు అడగనీయండి. ఆ జవాబులు కొన్ని కన్నీళ్లు తెప్పిస్తాయి. తెప్పించనీయండి.

ప్రార్థిద్దాం: అరణ్యంలో హాగారును పేరు పెట్టి పిలిచిన దేవా, మమ్మును చూచే తండ్రీ! అన్నం పెట్టి కూడా పేరు అడగని మా కఠిన హృదయాలను మెత్తబరచండి. మా పిల్లల ప్రశ్నలకు మా చెవులు తెరవండి. మా గడప తొక్కే ప్రతి ఒక్కరినీ మీరు పిలిచే పేరుతో మేమూ పిలిచే కృప దయచేయండి. మా నాథుడైన యేసుక్రీస్తు ద్వారా ఈ మనవి చేస్తున్నాము. ఆమెన్.